ఊరుభంగ రూపకమున వధకర్తృత్వ విచారము

సంస్కృతరూపకములలో నాయకుఁడు రంగస్థలముననే ప్రాణములు విడుచుట మిక్కిలి యరుదు. అట్టి యరుదైన రూపకములలో నూరుభంగ మొకటి. ఏకాంకమగు నీ రూపకమున దుర్యోధనుఁడు తొడలు విఱిగి నేలపైఁ బ్రాఁకుచుఁ బ్రవేశించి, తల్లిదండ్రులును భార్యలును బాలుఁడగు కుమారుఁడును జూచుచుండఁగాఁ గన్నుమూయును. అతఁడు మృతుఁడగుసరికి మఱియొక సంహారమునకు నాంది జరిగియే యుండును. అశ్వత్థామ బాణపాణియై నిద్రించువారిఁ జంపఁ బోవుచుండును. కావున దీనిఁ జదువువారికి రెండు ప్రశ్నములు తప్పవు. దుర్యోధనుని మరణమునకు బాధ్యుఁ డెవ్వఁడు? ఆ రాత్రి జరుగఁబోవు మరణములకు బాధ్యు లెవ్వరు? మొదటి ప్రశ్నమునకుఁ బాపి తన పాపఫలము ననుభవించెననియో, కృష్ణుని కపటమున మహావీరుఁడు కూలెననియో యొక వాక్యమున సమాధానము చెప్పి విడుచుట సులభము. రెండవ ప్రశ్నమును సాధారణముగా నడుగుటయే లేదు. ఈ రెండును విడఁదీయరాని ప్రశ్నములనియు, కవి వీనికిఁ జెప్పిన సమాధానము రూపకములోని వాక్యనిర్మాణముననే యున్నదనియు నిరూపించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా గ్రంథచరిత్రము కొంత చెప్పవలయును. 1909 వ సంవత్సరమునఁ దిరువాన్కూరు సంస్థానమునఁ బద్మనాభపురసమీపమందలి మణలిక్కర మఠమున మహామహోపాధ్యాయ గణపతిశాస్త్రిగారికి మలయాళలిపిలో నున్న తాళపత్రప్రతి యొకటి దొరకెను. అందుండియు, పిదప దొరకిన ప్రతులనుండియు మొత్తము 13 రూపకములు వెలువడినవి. శాస్త్రిగారు వాని నన్నిఁటిని భాసమహాకవి కృతులని నిర్ణయించి, 1912 మొదలుకొని యనంతశయన సంస్కృత గ్రంథావళిలోఁ బ్రకటించిరి. ఊరుభంగము 1912 లోనే ముద్రిత మయ్యెను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున భాసునిఁ బేర్కొనెను గాని, యీ రూపకముల ప్రస్తావనలలోఁ గవినామము కానరాదు. అందుచేత భాసకర్తృకత్వమును గొంద ఱంగీకరించిరి. కొందఱు కేరళదేశపు నటులగు చాక్యారులు ప్రయోగార్థము సంక్షేపించిన కూర్పులు గాఁ దలఁచిరి. ఆ వివాద మింకను దీఱలేదు. ఈ వ్యాసమునఁ గవి యన్నచోట నూరుభంగకర్త యని మాత్రమే గ్రహింపవలయును.

నాయకవధమును రంగమునఁ జూపఁగూడదని ధనంజయుని దశరూపకము మొదలగు లక్షణగ్రంథములు నిషేధించినవి. ఆ కారణమున విషాదాంతరూపకము పాశ్చాత్యుల సొత్తనియు, మనవారి కది తెలియదనియు నొక తలంపు విద్వాంసులలో నుండెను. తెలుఁగున ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు విషాదసారంగధరమును రచించునాఁటికి నూరుభంగము ముద్రితమై యుండలేదు. ముద్రితమైన పిదప, సంస్కృతమున నున్న యేకైక విషాదాంతరూపక మిదియే యని పలువురు కొనియాడిరి. 1924 లోఁ బ్రకటితమైన తన సంస్కృతనాటకచరిత్రమునఁ గీతు పండితుఁడు మాత్రము దీని నంగీకరింపక, కృష్ణద్వేషి మరణము విష్ణుభక్తులకు సంతోషకరమే కాని విషాదకరము కాదను నభిప్రాయమును వెలిపుచ్చెను. పైకిఁ జూడ నిది రూపకభేదమును గూర్చిన వాదము. లోపలఁ జూచినచో బాధ్యతను గూర్చిన వాదమే. దుర్యోధనుఁడే తన చావునకుఁ గారణమైనచో విషాదము లేదు, పరుల యన్యాయము కారణమైనచో విషాదము కలదు అని యిరుపక్షములవారును దలఁచిరి. ఈ రెంటిలో నొకదానినే గ్రహింపవలయు ననుట సరికాదని మా మతము.

కవి యేమి చేసెనో తెలియుటకు మూలకథ యేమి చెప్పెనో స్మరింపవలయును. భారతమున శల్యపర్వమందలి గదాయుద్ధఘట్టమున భీమదుర్యోధనులు పోరుచుండఁగా, వీరిలో నధికుఁ డెవ్వఁడని యర్జునుఁడు కృష్ణు నడుగును. బలమున భీముఁడును, నేర్పున దుర్యోధనుఁడును నధికులనియు, ధర్మయుద్ధమున భీముఁడు గెలువఁజాలఁడనియు, సభలో భీముఁడు చేసిన యూరుభంగప్రతిజ్ఞ యిపుడు నెఱవేఱవలయుననియుఁ గృష్ణుఁడు చెప్పును. అది విని యర్జునుఁడు భీముఁడు చూచుచుండఁగాఁ దన యెడమతొడను జఱచును. భీముఁడు గ్రహించి కొట్టును. ఇచట నాలోచన కృష్ణునిది, సంజ్ఞ యర్జునునిది, దెబ్బ భీమునిది. ప్రతిజ్ఞకు మూలము ద్యూతసభలో దుర్యోధనుఁడు ద్రౌపదికిఁ దన తొడఁ జూపుట. నాభికిఁ గ్రిందఁ గొట్టుట గదాయుద్ధధర్మము కాదని బలరాముఁడు హలమెత్తి భీమునిపైఁ గవియఁగాఁ గృష్ణుఁడే యడ్డపడి, భీముని ప్రతిజ్ఞను, మైత్రేయమహర్షి శాపమును జెప్పి వాదించును. పిదప దుర్యోధనుఁడు భీష్మ ద్రోణ కర్ణ భూరిశ్రవుల వధములన్నియుఁ గృష్ణుని కపటములే యని నిందించును; నీ పాపములే నిన్నుఁ జంపినవని కృష్ణుఁడు బదులు చెప్పును. అప్పుడు దుర్యోధనునిపైఁ బుష్పవృష్టి కురియును, పాండవులు సిగ్గుపడుదురు. ఇతిహాసము వాదప్రతివాదములను రెంటిని వినిపించి, తీర్పును జదువరికే విడిచినది. తిక్కనసోమయాజి శల్యసౌప్తికపర్వములవలనఁ దెలుఁగువారి కీ కథ చిరపరిచితము.

అటుపైఁ జరిగిన సంగతి మన విచారమునకు మఱింత ముఖ్యము. భారతమున, పడియున్న దుర్యోధనుఁడు కృపునిచేత నశ్వత్థామకు సేనాపత్యాభిషేకము చేయించును. అశ్వత్థామ యా రాత్రి శిబిరమున ధృష్టద్యుమ్నుని, శిఖండిని, ద్రౌపదేయుల నైదుగురను జంపి వచ్చి చెప్పఁగా విని, సంతసించి దుర్యోధనుఁడు ప్రాణములు విడుచును. అనఁగా భారతమున రాత్రివధకు దుర్యోధనుఁడు ప్రేరకుఁడును, ఆ ఫలమును జూచి యానందించినవాఁడును.

ఊరుభంగకవి యీ కథలోఁ జేసిన మార్పులలో మూఁడు మనకుఁ గావలసినవి. మొదటిది: కృష్ణుఁడు గాని, భీముఁడు గాని, పాండవులలో నింకెవ్వఁడు గాని రంగమునకు రాఁడు. యుద్ధమును ముగ్గురు భటులు చూచి వర్ణింతురు. అభియోగము మోపఁబడినవా రెవ్వరును మన ముందు నిలిచి తమ పక్షమును జెప్పుకొనరు. కృష్ణుఁడు భారతమునఁ జేసిన సుదీర్ఘవాద మిచట వినఁబడదు. రెండవది: సంజ్ఞ యర్జునుని చేతినుండి కృష్ణుని చేతికి మాఱినది. భీముఁడు తలపై దెబ్బ తిని కూలఁగా, దుర్యోధనుఁ డతనిఁ గొట్టక, భయపడవలదనియు, ఆర్తుని వీరుఁడు చంపఁడనియుఁ బలుకును. అపహాసము పాలైన భీమునిఁ జూచి కృష్ణుఁడు తన తొడను దట్టి యేదో సంజ్ఞ చేయుచున్నాఁడని భటుఁడు చెప్పును. ఆ భటునికి సంజ్ఞ కన్నులఁ బడెను గాని దాని యర్థము తెలియలేదు. అర్థము తెలిసినవాఁడు భీముఁ డొక్కఁడే. మూఁడవది: రాత్రివధకు దుర్యోధనుఁడు ప్రేరకుఁడు కాఁడు, పైఁగా వారించువాఁడు. ఈ రెండవ మూఁడవ మార్పులను జేర్చి చూడవలయును. కవి ప్రేరకత్వమును గృష్ణుని కంటఁగట్టెను, దుర్యోధనునినుండి తొలఁగించెను. ఇంతమాత్రము చూచినవారు కవి దుర్యోధనపక్షపాతి యని నిశ్చయింతురు. వాక్యములను బరిశీలించినచో నట్లు తోఁపదు.

ఇచట వ్యాకరణశాస్త్రము మనకు సాయపడును. క్రియానిష్పత్తియందు స్వతంత్రుఁడు కర్త యనియు, ఆ కర్తను బ్రేరేచువాఁడు హేతు వనియు, ఆ హేతువునకుఁ గూడఁ గర్తృసంజ్ఞ కలదనియు, మిక్కిలి యుపకరించు సాధనము కరణమనియుఁ బాణిని విధించెను. ఇందు గమనింపవలసిన సంగతులు రెండు. ప్రేరితుఁడు ప్రేరణమువలనఁ దన కర్తృత్వమును గోల్పోఁడు. వంట చేయింపఁబడిన దేవదత్తుఁడును వంటకుఁ గర్తయే. కాఁబట్టి కృష్ణుని సంజ్ఞవలన భీముఁడు గదవలెఁ గేవలసాధనమై పోఁడు. రెండవ సంగతి యేమనఁగా, కారకము వక్త వివక్ష ననుసరించును. కత్తితో నఱకె ననవచ్చును, కత్తి నఱకె ననవచ్చును. జరిగిన పని యొక్కటియే. ఎవనిఁ గర్తగాఁ జెప్పవలయునో పలుకువాని తలంపు నిర్ణయించును. కావున రూపకమున నొక్కొక్క పాత్ర యెవనిఁ గర్తగాఁ బలుకుచున్నదో చూచినచో, బాధ్యతను గూర్చి యా పాత్ర తలం పేమో తెలియును.

వివక్షమాత్రమున ధర్మనిర్ణయము జరుగదు గదా యని శంక కలుగును. నిజమే. అందుకు భర్తృహరి వాక్యపదీయమునఁ గర్తృస్వాతంత్ర్యమునకుఁ జెప్పిన గుఱుతులు పనికివచ్చును. ఇతరసాధనములకంటె ముందే శక్తిని బొందుట, వానిఁ దనకు లోఁబఱచుకొనుట, తనకుఁ బ్రతినిధి లేకుండుట మొదలగువానితోపాటు, ప్రవర్తించుచున్నవానిని మరలింపఁగలుగుట యును నొక గుఱుతుగా నతఁడు చెప్పెను. పనిని మొదలుపెట్టుటయే కాదు, ఆఁపఁగలుగుటయుఁ గర్తలక్షణమే. ఈ చివరి గుఱుతు ఊరుభంగమునకుఁ దాళపుఁజెవి వంటిది. ఇందుఁ బ్రతిపాత్రయు నాఁపుటకో, ఆఁపకుండుటకో సంబంధించినదే.

రూపకారంభమున నాందీశ్లోకమును జూడుఁడు. అందు శత్రుసేన యొక నది. భీష్మద్రోణులు దాని గట్లు, జయద్రథుఁడు జలము, దుర్యోధనుఁడు ప్రవాహవేగము. ఆ నదిని దాఁటినవాఁ డర్జునుఁడు. దాఁటుటకు సాధనమగు నోడ కృష్ణుఁడు. వ్యాకరణదృష్టితోఁ జూచినచో నర్జునుఁడు కర్త, ఓడ కరణార్థకతృతీయలో నున్నది. భక్తుని నోటఁ గృష్ణుఁడు కరణ మయ్యెను, అది స్తుతి. రూపకమధ్యమున దుర్యోధనుఁడు మాటలాడునపుడు కారకములు తలక్రిందులగును. తన్ను వంచించినవాఁ డెవ్వఁడని బలరాముఁ డడుగఁగా, పారిజాతము నపహరించినవాఁడును, సముద్రమున నిద్రించినవాఁడునగు హరి భీముని గదలోఁ జొచ్చి తన్ను మృత్యువున కొప్పగించెనని యతఁడు చెప్పును. ఇచటి క్రియాపదము ప్రతిగ్రాహితుఁడు అనునది. అది ణిజంతము, అనఁగాఁ బ్రేరణార్థకము. మృత్యువు గ్రహించెను, హరి గ్రహింపఁజేసెను. హరి ప్రయోజకకర్తగాఁ దృతీయలో నున్నాఁడు. మఱి భీముఁ డెచట? భీమగద యను సమాసములో నుపసర్జనమై, గదకు విశేషణముగా మిగిలెను. నాందిలో నోడయైన కృష్ణుఁ డిచటఁ గర్త యయ్యెను. ప్రతిజ్ఞ చేసి దెబ్బకొట్టిన భీముఁడు సమాసములో మాయ మయ్యెను.

ఈ శ్లోకమును బట్టి కృష్ణుఁడే హంత యని కవి తీర్పుచెప్పెననుట తొందరపాటు. ఇది కవివాక్యము కాదు, దుర్యోధనుని వాక్యము. అందును మానధనుఁడగు వీరుని వాక్యము. భీమునిచేతఁ జచ్చితినని చెప్పుకొనుటకంటె జగత్ప్రియుఁడగు హరిచేతఁ జచ్చితినని చెప్పుకొనుట యతనికి గౌరవము. తాను వంచితుఁడ నైతినే కాని పరాజితుఁడను గానని యంతకుమున్నే యతఁడు బలరామునితో ననియుండెను. ఓటమిని దప్పించుకొనుట కా మాట సాధనము. మఱియొక విశేషము: భీమునిఁ గర్తృపదవినుండి త్రోసివేయుటవలన భీమునిపైఁ బగతీర్చుకొనుటయు నర్థరహిత మగును. బలరాముఁడు భీమునొక్కనినే కర్తగాఁ జూచి, యతని పేరెత్తి నిందించుచుఁ జంప నుద్యుక్తుఁడై యుండెను. భీముని ప్రతిజ్ఞ నెఱవేఱెను, నూర్గురు తమ్ములు స్వర్గస్థులైరి, నాగతి యిట్లయ్యెను, ఇఁక విగ్రహ మేమి చేయఁగలదని దుర్యోధనుఁ డతని నాఁపెను. కురువంశమునకుఁ దర్పణజలము నొసఁగువారు బ్రతుకవలయునని వేఁడెను. ఇచట నాఁపఁగలిగిన వాఁడు దుర్యోధనుఁడు. నడువఁజాలక నేలఁబ్రాఁకు నతనికే నివర్తనసామర్థ్యము కలదు. భర్తృహరి గుఱుతునుబట్టి యీ క్షణమున స్వతంత్రుఁ డతఁడే.

తరువాత నాతని కుటుంబము వచ్చును. కుమారుఁడు దుర్జయుఁ డలవాటుచొప్పునఁ దండ్రి తొడపైఁ గూర్చుండఁబోవును, తండ్రి వారింపవలసివచ్చును. ఆ తొడలను విఱిచినవాఁ డెవ్వఁడని పిల్లవానికిఁ జెప్పి పగ నూరిపోయుటకు దుర్యోధనున కదియే సమయము. అతఁ డట్లు చేయలేదు. పాండవులను దనవలెనే శుశ్రూషింపుమనియు, కుంతి యాజ్ఞను బాటింపుమనియు, సుభద్రను ద్రౌపదిని దల్లులవలెఁ బూజింపుమనియుఁ జెప్పెను. తనకుఁ దర్పణము విడుచునపుడు ధర్మరాజు కుడిభుజమును స్పృశించి పాండవులతోఁ గూడ విడువుమనెను. వైరము పశ్చాత్తాపముగాఁ బరిణమించెనని బలరాముఁ డిచటనే యాశ్చర్యపడును.

పశ్చాత్తాపమున కసలైన నిదర్శన మశ్వత్థామతోడి సంభాషణము. కోపోద్దీపితుఁడై వచ్చిన గురుపుత్రుని విల్లు విడువుమని దుర్యోధనుఁడు వేఁడును. అతఁడు వినకుండఁగా నొక శ్లోకమున లెక్క చెప్పును. ద్యూతమున ద్రౌపది జుట్టు పట్టి యీడ్వఁబడినది. బాలుఁడగు నభిమన్యుఁడు రణమునఁ జంపఁబడినాఁడు. పాచికల మోసమున నోడింపఁబడి పాండవు లడవిమృగముల నాశ్రయించిరి. ఇవన్నియుఁ దలంచినచో వారు నాయెడఁ జేసినది స్వల్పమే కదా యని యా శ్లోకతాత్పర్యము. ఇందలి వాక్యరచన మిక్కిలి విచారింపఁదగినది. ఈడ్వఁబడినది, చంపఁబడినాఁడు, ఓడింపఁబడిరి అని మూఁడు చోట్లను గర్మార్థకప్రత్యయమే. మూఁడుచోట్లను గర్తృపదము లేదు. ఎవరు చేసిరో శ్లోకము చెప్పలేదు. నాలుగవచోట మాత్రము వారిచేత నని కర్తృపదము స్పష్టముగా నున్నది. దుర్యోధనుఁడు మయి యను సప్తమిలో, జరిగినదానికి విషయముగా నున్నాఁడు.

ఇట్లు కర్తృపదమును విడిచిపెట్టుట తన తప్పును గప్పిపుచ్చుకొనుట కాదా యని యడుగవచ్చును. కాదని మా నిశ్చయము. ఎందుకనఁగా, ప్రకరణమువలనఁ దెలియు కర్తను జెప్పకుండుట వాడుక. అంతకంటె బలవత్తరమగు హేతువు వాక్యార్థమున నున్నది. వారు చేసినది స్వల్ప మనుటకు, దానికెదురుగా నిలుపఁబడిన మూఁడు పనులును దనవి కావలయును. అవి మఱియొకనివైనచో నీ పోలిక పొసఁగదు. దుశ్శాసనుని దోషమో శకుని మోసమో నా దండనమును స్వల్పము చేయఁజాలదు. కావున నాక్షిప్తమైన కర్తృపదము నాచేత ననునదియే. ద్రౌపదిని జుట్టుపట్టి యీడ్చినది దుశ్శాసనుఁడు, పాచికలు వేసినది శకుని, అభిమన్యునిఁ జుట్టుముట్టి చంపినవారు పలువురు. ఆ ప్రయోజ్యకర్తల పేళ్లను జెప్పి తప్పించుకొనఁగల యవకాశ మున్నను దుర్యోధనుఁడు చెప్పలేదు. కొంతసేపటికి మున్ను హరిని బ్రయోజకకర్తగాఁ జేసి భీముని మఱుఁగుపఱచిన నోరే, యిప్పుడు తానే ప్రయోజకకర్తయై తనవారిని మఱుఁగుపఱచినది. మొదటి వాక్యము మానమునకు, రెండవది సత్యమునకు నుపకరించినవి. భటులకును బలరామునకును గర్త భీముఁడు. మొదట దుర్యోధనునకుఁ గర్త హరి. తుదకు దుర్యోధనునకుఁ గర్త తానే. ఈ రూపకమున నడచిన కథ యంతయు నీ కర్తృపదముయొక్క ప్రయాణమే.

ఇఁక ధర్మశాస్త్రము. తెలుఁగుదేశమునఁ బెక్కుకుటుంబముల కాపస్తంబసూత్రము ప్రమాణము. ఆపస్తంబధర్మసూత్రమునఁ బ్రేరేచినవాఁడును, అనుమతించినవాఁడును, చేసినవాఁడును స్వర్గనరకఫలములగు కర్మములయందు భాగస్థులనియు, ఎవఁ డధికముగాఁ బూనుకొనునో వానికి ఫల మధికమనియుఁ జెప్పఁబడినది. ఈ సూత్రమును బట్టి దుర్యోధనుని మరణమును విచారించినచో భీముఁడు చేసినవాఁడు, కృష్ణుఁడు ప్రేరేచినవాఁడు, చూచుచు నూరకుండిన తక్కిన పాండవు లనుమతించినవారు. వీరిలో నెవ్వరిని విడుచుటకును వీలులేదు. దుర్యోధనుఁడు పాపి యగుటచే నాభికిఁ గ్రిందఁ గొట్టిన దెబ్బ ధర్మయుద్ధము కానేరదు. అట్లే, దెబ్బ యధర్మమగుటచే దుర్యోధనుని పూర్వదోషములు తొలఁగిపోవు. ఈ కలహమున నధికముగాఁ బూనుకొనినవాఁడు తానే యని యా మృతుఁడే యంగీకరించెను. ఒకరి బాధ్యతను జూపుట మఱియొకరి బాధ్యతను దుడిచివేయదు. సూత్రకారుఁడు భాగమని చెప్పెనే కాని బదలాయింపని చెప్పలేదు.

ఇదే కొలఁదితో రెండవ ప్రశ్నమును గొలిచి చూతము. దుర్యోధనుని మాటలు వినియు నశ్వత్థామ శపథము చేయును: రాత్రియుద్ధము కల్పించి పాండవులను గాల్చెదనని. చేయువాఁ డతఁడే, అతనిఁ బ్రేరేచినవాఁ డీ రూపకమున లేఁడు. అనుమతించినవాఁ డెవ్వఁడు? అశ్వత్థామ శపథమును విని, గురుపుత్రుఁడు చెప్పిన ట్లగునని పలికినవాఁడు బలరాముఁడు. అతనినే సాక్షిగా నుండుమని యశ్వత్థామ కోరును. నాభికిఁ గ్రిందఁ గొట్టినందుకే లోకమును దహింపఁబోయిన బలరాముఁడు, గదాధర్మమున కాచార్యుఁడు, నిద్రించువారిని జంపు ప్రతిజ్ఞకు సాక్షి యయ్యెను. భీముని దెబ్బలో నధర్మమును జూచిన కన్ను రాత్రివధలో దానిఁ జూడలేదు. శిష్యునిపై వాత్సల్యముచేతఁ గలిగిన ధర్మాగ్రహము శిష్యునియెడ జరిగిన యన్యాయమునే చూచును. శిష్యుని పేరఁ జరుగు నన్యాయమును జూడదు. ఊరుభంగకవి లోకమునకుఁ జెప్పిన కఠినమైన సత్య మిదియే యని తోఁచుచున్నది. దోషమును జేసినవాఁడు మాఱెను; అతనికొఱకుఁ గోపించినవారు మాఱలేదు.

దుర్యోధనునకుఁ బూర్ణవిముక్తి కలదా? ఇచటఁ బక్షపాతము లేక చూడవలయును. అశ్వత్థామ బాలుఁడగు దుర్జయునిఁ బిలిచి, పిత్రార్జితమగు రాజ్యమునకుఁ దన బ్రాహ్మణవాక్యముచేత నభిషిక్తుని జేయును. పాండవులను సేవింపుమని తండ్రి చెప్పిన మాట యింకను జల్లాఱకమున్నే కుమారుఁడు వారికిఁ బ్రతిరాజ యయ్యెను. అది చూచి దుర్యోధనుఁడు తన హృదయ మనుమతించినది జరిగెనని సంతసించును. హృదయానుజ్ఞాత మని మూలమునఁ గవి వాడిన పదము. ఇది రాత్రివధకు ననుమతియా? కాదు. ఈ మాట పట్టాభిషేకమునకు వెంటనే వచ్చినది. రాత్రివధ నతఁడు ముందే వారించెను. నిషేధింపనిది యనుమతించినట్లే యను న్యాయ మిచటఁ జెల్లదు, నిషేధము జరిగినది గావున. అయినను, బలరాము నాఁపఁగలిగినవాఁ డశ్వత్థామ నాఁపలేకపోయెను. ఆఁపలేనపుడు రాజ్యకాంక్షయొక్క చివరి రవ్వ హృదయమున మెఱసెను. కవి దానిని దాఁపలేదు. ఆ వెనువెంటనే మరణదర్శనములలో శంతనుప్రభృతులగు పితరులును, కర్ణుఁడును, నూర్గురు తమ్ములును గానవత్తురు. వారితోపాటు మహేంద్రుని చేయిపట్టుకొని కాకపక్షధారియగు నభిమన్యుఁడు కోపముతో మాటలాడుచుఁ గానవచ్చును. తన బాలుని పట్టాభిషేకమునకు సంతసించిన తండ్రికిఁ, దాను చంపించిన బాలుఁడు కోపముతోఁ గానవచ్చుట యాదృచ్ఛికము కాదు. పశ్చాత్తాప మొప్పుకొనుటకుఁ జాలును. మృతునిఁ బ్రసన్నుని జేయుటకుఁ జాలదు.

పాపి మరణమున విషాదము లేదను పక్షమునకు నిప్పుడు బదులు చెప్పవచ్చును. దుర్యోధనుఁడు నిరపరాధి యైనందున నిది విషాదాంతము కాలేదు. అపరాధి తన యపరాధమును దెలిసికొని, యా తెలివితో లోకము నాఁపఁబూని, యాఁపలేక మరణించినందున విషాదాంత మయ్యెను. దుర్యోధనుని నిష్కళంకునిఁ జేయఁజూచు పక్షమునకు నిదియే సమాధానము. అపరాధ మతనినుండి తీసివేసినచో నా పశ్చాత్తాపశ్లోకము నిరర్థక మగును. 20 వ శతాబ్ది యుత్తరార్ధమున మణిపురమున రతన్ థియాం, కేరళమునఁ గావాలం నారాయణ పణిక్కర్ గారలు దీనిని మరల రంగమున కెక్కించిరి. ప్రయోక్త లెట్లు చూపినను, గ్రంథము రెండు పక్షములకును లొంగదు.

బోధకులకు నొక విన్నపము. ఊరుభంగమునఁ దప్పెవరిదని విద్యార్థి యడిగినపుడు, ఏ మరణమునకు, ఏ వాక్యమున, ఎవని నోట నని తిరిగి యడుగవలయును. చేసినవాని, చేయించినవాని, అనుమతించినవాని వేఱుగఁ జూపి, యాఁపఁగలిగి యాఁపనివానిని గూడఁ జూపవలయును. కారకప్రకరణము రూపసిద్ధికొఱకు మాత్రమే కాదని విద్యార్థి కపుడు తెలియును.

రూపకాంతమున నున్న శ్లోకమును జూచి ముగింతము. నాలుగు పాదముల యా యొక్క శ్లోకము మూఁడు భాగములుగా విఱిగినది. పుత్రులు నశించిన రాజ్యమును నిందించుచు ధృతరాష్ట్రుఁడు తపోవనమునకుఁ బోయెదననును. ఆ వెంటనే యొక్క పాదమున నశ్వత్థామ బాణపాణియై సౌప్తికవధకుఁ బోవును. మిగిలిన పాదము, శత్రుపక్షము శమించిన రాజు భూమిని బాలించుఁగాక యను భరతవాక్యము. అశ్వత్థామ కాల్చెదనన్న పాండవు లా రాత్రి శిబిరమున లేరనియు, చచ్చినవారు నిద్రించుచున్న వారి కుమారులనియుఁ బ్రేక్షకు లెఱుఁగుదురు. మంగళవాక్యమునకు ముందు నిలిచినది యా వధయే. దుర్యోధనుని మరణమునకు బాధ్యులను వెదకుచుఁ గూర్చుండినవారి కన్నులముందే తరువాతి మరణములకు బాధ్యులు బయలుదేఱిరి. వారి నాఁపుటకు శక్తిగల బలరాముఁడు సాక్షియై నిలిచెను.